కొబ్బరి వాసన వేసే బూజు

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు మెట్రోలో వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర నిలబడితే, కొబ్బరిచెట్టు మామూలుగా ఎవరికీ కనపడని ఎత్తు నుంచి కనపడుతుంది. నేల మీద నడిచేవాళ్లకి కొబ్బరిచెట్టంటే ఒక నిలువు మాను, పైనెక్కడో కాస్త పచ్చదనం, గాలివాన వస్తే కారు మీద మట్ట పడుతుందేమోనన్న బెంగ. 2018 సెప్టెంబరులో ఈ దారిన రైలు నడవడం మొదలయ్యాక చెట్టు తల మనిషి కంటికి ఎదురుగా వచ్చింది. అపార్ట్‌మెంట్లు లేవకముందు కట్టుకున్న ఇళ్ల కాంపౌండ్లలో, కొట్టేయడానికి మనసొప్పక వదిలేసిన చెట్లవి. కొన్నింటికి పైన మొవ్వు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింది వరస మట్టలకి మాత్రం ఆకుల చివర్లు మాడిపోయి ఉంటాయి.

ఎండకి మాడాయంటారు కొందరు, బండ్ల పొగకి అంటారు ఇంకొందరు. చాలాసార్లు అసలు సంగతి ఆకు చేతికి దొరికితేగానీ తేలదు. రాలిన మట్ట నుంచి ఒక ఆకు చీల్చి వెలుతురుకి పట్టి చూస్తే, అక్కడక్కడా కోడిగుడ్డు ఆకారంలో మచ్చలు కనిపిస్తాయి. మధ్యలో బూడిద రంగు, చుట్టూ ముదురు గోధుమరంగు అంచు. చివరికి వెళ్లేకొద్దీ మచ్చలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి ఆ భాగమంతా ఎండిపోతుంది. ఇది ఆకుమచ్చ తెగులు. కారణం పెస్టలోషియాప్సిస్ పామారమ్ అనే శిలీంద్రం. బూడిదరంగు భాగంలో సూదిమొన పాటి నల్లచుక్కలుంటాయి. అందులో ఒకదాన్ని గీకి నీటిబొట్టులో వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే శిలీంద్రబీజాలు కనిపిస్తాయి. ఒక్కో బీజానికి ఐదు గదులు. మధ్య మూడు గదులు గోధుమరంగు, రెండు కొసలూ గాజులా రంగు లేనివి. ఒక కొసన రెండు మూడు సన్నటి మీసాలు. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పోల్చుకోవడానికి ఇబ్బంది పడరు. గాలితో, వానచినుకుల తుంపరతో ఈ బీజాలు పక్క ఆకు మీద పడతాయి.

ఈ శిలీంద్రం బలహీనుల జోలికే ఎక్కువగా పోతుంది. పొటాష్ తక్కువైన చెట్టుని ముందు పట్టుకుంటుంది. కొబ్బరికి యూరియా కంటే పొటాష్ రెట్టింపు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే వెయ్యమని సిఫారసు. వేసేది మాత్రం తరచుగా యూరియానే, అది చౌక, పైగా వారం తిరక్కుండానే పచ్చదనం చూపిస్తుంది. పంజాగుట్ట నాగార్జున హిల్స్ చిరునామాతో నడిచిన నాగార్జున ఫెర్టిలైజర్స్ సంస్థ గోదావరి జిల్లాల పక్కనే కాకినాడలో కర్మాగారం పెట్టి తీసింది కూడా యూరియానే. నగరంలో చెట్టుకి ఆ యూరియా భాగ్యం కూడా ఉండదు. పాదు ఉండాల్సిన చోట పార్కింగ్ టైల్స్ పరిచి, మాను చుట్టూ జానెడు మట్టి మిగిల్చి, కాయలు చిన్నవవుతున్నాయేమని ఆశ్చర్యపోతారు.

ఆకుమచ్చ ఒక్కటే కాదు. లాసియోడిప్లోడియా థియోబ్రోమే అనే ఇంకో శిలీంద్రం ఆకుని కొస నుంచి మొదలుకి ఎండబెట్టుకుంటూ వస్తుంది, పిందెలనీ వదలదు. కోయంబత్తూరు చుట్టుపక్కల తోటల్ని ఇది బాగా ఏడిపించింది. కేరళలో వేరు తెగులుతో నీరసించిన చెట్ల మొవ్వుని కొల్లెటోట్రైకమ్, ఎక్సెరోహైలమ్ జాతుల శిలీంద్రాలు కుళ్లబెడతాయి. మొవ్వు విచ్చుకునేసరికి ఆకులు చీలికలు పేలికలై బయటికొస్తాయి. దానికి అక్కడ ఆకుకుళ్లు అని పేరు.

వీటన్నింటికీ మందులున్నాయి. చిక్కంతా ఎత్తుతో వస్తుంది. అరవై అడుగుల పైన ఉన్న ఆకు అడుగుభాగాన మందు పడాలంటే ఎవరో ఒకరు చెట్టెక్కాలి, లేదా నేల నుంచి బలమైన పంపుతో కొట్టాలి. పంపుతో కొడితే సగం మందు గాలిలో కలుస్తుంది. తోటలోనైతే అది పక్క చెరువులో పడుతుంది, పంజాగుట్టలోనైతే పక్కింటి మేడ మీద ఆరేసిన బట్టల మీద. దింపు కార్మికుడు కాయ దింపడానికి ఎక్కుతాడుగానీ వీపున ఇరవై లీటర్ల డబ్బా కట్టుకుని ఎక్కమంటే ఎక్కడు. ఎక్కకపోవడమే మంచిది.

ఈ చిక్కు పాతదే, తెలుగు నేలకి మరీ పాతది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు, వాటితో పాటు కొబ్బరిచెట్లు మొవ్వు కుళ్లి చచ్చిపోతుంటే, బీహార్‌లోని పూసాలో పనిచేస్తున్న ఎడ్విన్ జాన్ బట్లర్ ఆ సంగతి తేల్చే పనికి పూనుకున్నాడు. ఆయన ఐర్లండ్ వాడు, భారత ప్రభుత్వానికి శిలీంద్ర శాస్త్రవేత్త. కుళ్లిన మొవ్వుల్లో దొరికిన సూక్ష్మజీవికి 1907లో పిథియమ్ పామివోరమ్ అని పేరు పెట్టాడు. 1919లో దాన్నే ఫైటోఫ్తోరా పామివోరాగా మార్చాడు. ఇవాళ కోకో, బొప్పాయి, దురియన్ తోటల్లో ప్రపంచమంతా భయపడే పేరు అది. ఇది నిజానికి శిలీంద్రం కాదని, నాచుజాతులకి దగ్గరి చుట్టమని తర్వాత తేలింది. రైతుకి ఆ తేడాతో పనిలేదు. అప్పట్లో మద్రాసు ప్రభుత్వం చేయించిన చికిత్స గొడ్డలి, నిప్పు. మనుషుల్ని పెట్టి జబ్బు చేసిన చెట్ల తలలు నరికించి కాల్పించారు. ఇంకో పక్క బోర్డో మిశ్రమం ఉంది. మైలుతుత్తం, సున్నం కలిపిన ఈ నీలిరంగు మందుని ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల కోసం మిలార్డే 1885లో లోకానికి చెప్పాడు. కోనసీమలో నేటికీ వాడుతున్నారు, బాగానే పనిచేస్తుంది. కాకపోతే రాగి మంచి చెడ్డ చూడదు, ఆకు మీదా మట్టిలోనూ ఉన్న మేలుచేసే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది.

ఆ మేలుచేసేవాటిలో అందరికంటే ముందు చెప్పుకోవలసింది ట్రైకోడెర్మా. బంగాళదుంప ఉడికించిన నీళ్లు, చక్కెర, అగర్ కలిపి గాజుపళ్లెంలో గట్టిపడనిచ్చి, మధ్యలో ట్రైకోడెర్మా ముక్క పెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి బూజు పళ్లెమంతా పాకుతుంది. నాలుగైదు రోజులకి మధ్య నుంచి వలయాలు వలయాలుగా పచ్చబడుతుంది. అప్పుడు మూత తీసి వాసన చూస్తే కొన్ని రకాలు కొబ్బరి వాసన వేస్తాయి! ముక్క వాసనో పాడైన కొబ్బరి వాసనో కాదు, అచ్చం పచ్చికొబ్బరి కోరినప్పటి వాసన. దానికి కారణమైన పదార్థం 6-పెంటైల్-ఆల్ఫా-పైరోన్ అని 1972లో తేల్చారు. ఆహార పరిశ్రమ దీన్ని కొబ్బరి సువాసన కోసం వాడుకుంటుంది. బూజుకి అది ఆయుధం, పక్కన పెరుగుతున్న ఇతర శిలీంద్రాల ఎదుగుదలని ఈ ఆవిరి అణచివేస్తుంది. కొబ్బరిని కాపాడే బూజుకి కొబ్బరి వాసన రావడంలో ప్రకృతి ఉద్దేశం ఏదీ లేదు, వట్టి కాకతాళీయం. అయినా ఆ పళ్లెం మూత తీసిన విద్యార్థి ఎవరూ ఆ సంగతి మరిచిపోరు.

ట్రైకోడెర్మాకి పేరు పెట్టి రెండు వందల ఏళ్లు దాటింది. 1794లో పెర్సూన్ పెట్టాడు. అది ఇంకో శిలీంద్రాన్ని తింటుందని మాత్రం 1932 దాకా ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ ఏడు రిచర్డ్ వైండ్లింగ్ తన ప్రయోగశాలలో ఒక వింత చూశాడు. నారుమళ్లని చంపే రైజోక్టోనియా పోగుల చుట్టూ ట్రైకోడెర్మా పోగులు మెలికలు తిరిగి చుట్టుకుంటున్నాయి. చుట్టుకున్నచోట శత్రువు గోడ కరిగిపోతోంది, లోపలి సారం బయటికొస్తోంది. శిలీంద్రాల గోడలో కైటిన్, గ్లూకాన్ అనే పదార్థాలుంటాయి. వాటిని కరిగించే ఎంజైములు ట్రైకోడెర్మా దగ్గర దండిగా ఉన్నాయి. దీని చుట్టం ట్రైకోడెర్మా రీసై అయితే పత్తినీ వదలదు. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికన్ సైన్యం గుడారాలు కుళ్లిపోతుంటే, ఆ గుడ్డ మీద దొరికిన బూజు అది. నూలుని కరిగించే దాని ఎంజైములు తర్వాత బట్టల మిల్లులకి చేరాయి. అమీర్‌పేట దుకాణాల ముందు వేలాడే జీన్స్‌కి ఆ వెలిసిన రంగు తెప్పించడానికి రాళ్లకి బదులు ఇలాంటి ఎంజైములే వాడుతున్నారు.

ఇంత పోటుమగాడు ఉన్నప్పుడు తీసుకెళ్లి ఆకు మీద చల్లితే సరిపోదా? సరిపోదు. ఇక్కడ అసలు విషయం అదే. పళ్లెంలో గెలిచినదల్లా చెట్టు మీద గెలవదు. కొబ్బరాకు మీద మైనపు పూత ఉంటుంది, తేమ నిలవదు. పైన నేరుగా ఎండ, ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు. తినడానికి ఏమీ ఉండదు. మధ్యాహ్నం అయ్యేసరికి చల్లినవాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. సూక్ష్మజీవిని మందు అనుకుని కొట్టేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. అది ఒక ప్రాణి. దానికి చోటు కావాలి, తడి కావాలి, తిండి కావాలి. ఆ మూడూ ఉన్నచోట ముందుగా స్థిరపడితే తర్వాత వచ్చిన రోగకారకానికి చోటుండదు. కోచింగ్ బ్యాచ్‌లు మొదలయ్యే రోజుల్లో అమీర్‌పేట హాస్టల్ గదిలో మంచాలన్నీ నిండాక పెట్టెతో వచ్చిన కుర్రాడికి ఎదురయ్యేదీ అదే. ముందు ఎవరు చేరారన్నదాన్ని బట్టే గెలుపోటములు.

కొబ్బరిచెట్టుకి ఆ మూడూ ఉన్న చోట్లు రెండున్నాయి. ఒకటి పాదు, రెండోది మట్ట మొదలు మానుని కరుచుకునే సందు. ఆ సందులో వాననీరు నిలుస్తుంది, చెత్త చేరుతుంది. ఫైటోఫ్తోరా దాడి మొదలుపెట్టేది కూడా సాధారణంగా ఆ పరిసరాల్లోనే. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ, సీపీసీఆర్‌ఐ, కొబ్బరి పొట్టులో ట్రైకోడెర్మాని పెంచి బిళ్లలు చేసింది. తొలకరికి ముందే మొవ్వు దగ్గరి మట్టల సందుల్లో రెండు బిళ్లలు పెడితే, వానలు పడగానే బిళ్ల నానుతుంది, బూజు మేలుకుంటుంది, శత్రువు వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. కాయ దింపడానికి ఎక్కినవాడు జేబులో వేసుకుని వెళ్లగలిగినంత చిన్నది ఆ బిళ్ల. పరిశోధన అంటే పెద్ద పెద్ద యంత్రాలే అనుకునేవాళ్లకి ఈ జేబు సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. కానీ ఎక్కేవాడి చేతులు ఖాళీగా ఉండాలన్న ఆలోచన లేని కొబ్బరి మందు ఏదీ తోటలో నిలవలేదు.

పాదు దగ్గర కథ ఇంకా ఆసక్తికరం. వేరు దగ్గర వేసిన బ్యాక్టీరియా అరవై అడుగుల పైనున్న ఆకుకి ఏం చేయగలదు? 1991లో ఈ ప్రశ్నకి సమాధానం దోసమొక్కల నుంచి వచ్చింది. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో వెయ్, క్లోపర్, టుజున్ అనే ముగ్గురు దోసగింజలకి కొన్ని రకాల మేలు బ్యాక్టీరియా పట్టించి నాటారు. మొక్క పెరిగాక ఆకుల మీద కొల్లెటోట్రైకమ్ బీజాలు చల్లారు. బ్యాక్టీరియా వేళ్ల దగ్గరే ఉంది, ఆకు మీదికి రాలేదు. అయినా ఆకుమచ్చలు తగ్గాయి. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో కార్నేషన్ పూలమొక్కల మీద ఇంకో బృందం ఇలాంటిదే చూసింది. వేరు దగ్గర బ్యాక్టీరియా స్పర్శ తగలగానే మొక్క తనంతట తాను అప్రమత్తమవుతుంది. ఆకుల్లో రక్షక పదార్థాలు ఊరికే ఊరిపోవు. దాడి జరిగితే మామూలుకన్నా ముందుగా, జోరుగా ఊరడానికి సిద్ధంగా ఉంటాయి.

ఈ పని బాగా చేసే బ్యాక్టీరియా సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. తగిన పోషకాల పళ్లెంలో పెంచి చీకటిగదిలో అతినీలలోహిత దీపం కింద పెడితే పసుపుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు వెనక ఉన్న పదార్థం పని కూడా చిన్నది కాదు. మట్టిలోని ఇనుముని అది పట్టేసుకుంటుంది, చుట్టుపక్కల శిలీంద్రాలకి ఇనుము కరువు. దీనికి తోడు కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా తయారుచేస్తుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కొబ్బరి ఆకుఎండు తెగులుకి చెట్టుకి ఏడాదికి 200 గ్రాముల సూడోమోనాస్ పొడి, 50 కిలోల పశువుల ఎరువు, 5 కిలోల వేపపిండి పాదులో వెయ్యమంటుంది. జబ్బు ఆకుకి, వైద్యం వేరుకి. వేపపిండీ పశువుల ఎరువూ ఇక్కడ ఊరికే తోడు రాలేదు, బ్యాక్టీరియాకి అవే తిండి. 200 గ్రాముల పొట్లం కొని, 55 కిలోల మోత బరువెందుకని మానేసినవాళ్లకి ఫలితం రాకపోతే తప్పు పొట్లానిది కాదు. కేరళ ఆకుకుళ్లుకి మాత్రం మొవ్వు మొదట్లోనే పోస్తారు, సూడోమోనాస్ లేదా బాసిల్లస్ సబ్‌టిలిస్ పొడి 50 గ్రాములు అర లీటరు నీళ్లలో కలిపి. మళ్లీ ఆ తడి సందే.

ఆంధ్రలో ఈ పనులకి కేంద్రం అంబాజీపేట. కొబ్బరి మార్కెట్‌కి పేరుపడ్డ ఊరు. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఇక్కడ ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. పంజాగుట్టలో బండి మీద అమ్మే బొండాల్లో మంచి నీళ్లకి పేరున్న గంగాబొండం రకం గోదావరి నేలదే. దాన్ని కలిపి గోదావరి గంగ అనే సంకరాన్ని తీసింది కూడా ఈ స్థానమే. కోనసీమ రైతుకి ఆకుమచ్చ కంటే ముందు గుర్తొచ్చేది గానోడెర్మా, వాళ్ల మాటలో సిగతెగులు. వేళ్లని, మాను మొదలుని లోపల్నుంచి తినేసి, చివరికి మొదట్లో పుట్టగొడుగు రూపంలో బయటపడుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే ఇక్కడ ట్రైకోడెర్మా మొదట పాదుకే వెళ్లింది. వేపపిండితో కలిపి ఏటా పాదులో వెయ్యడం, మాను నుంచి ఎర్రటి రసం కారే తెగులుకి ట్రైకోడెర్మా పొడిని ముద్దగా చేసి మచ్చ మీద పూయడం.

ఆ తయారీ చూడాలంటే తోట దాకా వెళ్లనక్కర్లేదు, పెరడు చాలు. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, కిలో నుంచి రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి. నీళ్లు చల్లుతూ కలపాలి. పిడికిట పడితే ముద్దకట్టాలి, నీళ్లు కారకూడదు. చెట్టు నీడన కుప్ప పోసి తడి గోనెసంచులు కప్పాలి. మూడు నాలుగు రోజులకోసారి తిరగెయ్యాలి. వారం పది రోజులకి గోనె ఎత్తితే ఎరువు ఉండల మీద తెల్లటి సాలెగూడు పాకి ఉంటుంది, అక్కడక్కడ పచ్చపొడి. చెయ్యి పెడితే కుప్ప గోరువెచ్చగా తగులుతుంది. కొత్తవాళ్లు బూజు పట్టి పాడైందని పారబోస్తారు. ఆ బూజు కోసమే ఈ పాటంతా.

కోనసీమ చూసిన పెద్ద పరీక్ష మాత్రం ఆకు మీదే జరిగింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కొబ్బరి తోటల్లో ఒక కొత్త తెల్లదోమ కనిపించింది. ఆకు అడుగున మైనపు పొడితో సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది, అందుకే సర్పిలాకార తెల్లదోమ అన్నారు. రైతుల నోట రుగోస్. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి 2004లో శాస్త్రలోకానికి పరిచయమైన పురుగు. కొద్దికాలంలోనే కడియం నర్సరీలకి, అక్కడి నుంచి లంకలకి పాకింది. ఈ దోమ ఆకు రసం పీల్చి తేనెలాంటి జిగురు విడుస్తుంది. ఆ జిగురు కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద మసి తెగులు అనే నల్లటి శిలీంద్రం పెరుగుతుంది. అది ఆకుని తినదు, ఆకులోకి దిగదు. వెలుతురుకి అడ్డంగా నల్లదుప్పటి కప్పుతుంది, అంతే. కొబ్బరి కింద వేసిన అరటి, పోక, ఇంటి ముందు మందార, అన్నీ నల్లబడ్డాయి.

భయపడ్డ రైతులు పురుగుమందులు కొట్టారు. దోమ కొంత చచ్చింది, దానితో పాటు దాని శత్రువులూ చచ్చాయి. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే అతి చిన్న కందిరీగ ఒకటి ఈ దోమ పిల్లల్లోనే గుడ్డు పెట్టి బతుకుతుంది. మందు కొట్టని తోటల్లో అది తనంతట తానే పెరుగుతూ వచ్చింది. అంబాజీపేటలో కీటక శాస్త్రవేత్త ఎన్.బి.వి. చలపతిరావు బృందం మందులు ఆపమని చెప్పడంతో సరిపెట్టుకోలేదు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఇచ్చిన ఐసేరియా ఫ్యుమోసోరోసియా అనే శిలీంద్రాన్ని ప్రయోగశాలలో పెంచి తోటల్లోకి పంపింది. దాంతోపాటు దోమ గుడ్లనీ పిల్లల్నీ తినే డైకోక్రైసా అనే అల్లికరెక్కల పురుగునీ పెంచింది. ఐసేరియా బీజం దోమ పిల్ల ఒంటి మీద పడితే మొలకెత్తి, చర్మాన్ని కరిగించి లోపలికి దిగుతుంది. కొద్ది రోజుల్లో పురుగు చస్తుంది, ఒంటి మీద లేత గులాబీ ఛాయ బూజు లేస్తుంది. ఆకు మీద నల్లశిలీంద్రం పోవాలంటే దానికి తిండి పెడుతున్న దోమకి ఇంకో శిలీంద్రం పట్టించాలన్నమాట. మిగిలిన మసికి మందు గంజి! ఒక శాతం గంజినీళ్లు కొడితే ఎండాక పొరలుగా రాలిపోతుంది, నల్లపొరని ఊడబెరుక్కుని.

మరి ఆకు మీద సూక్ష్మజీవి బతకదన్న మాట ఏమైంది? కోనసీమకి ఇక్కడ వాతావరణం కలిసొచ్చింది. గోదావరి పాయలు, సముద్రపు గాలి, కొబ్బరి కింద అరటి నీడ, తేమ ఎక్కువ. పైగా దోమ ఉండేది ఆకు అడుగున, ఎండ తగలని వైపు. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి సాయంత్రం పూట, అడుగుభాగం తడిసేలా, పక్షం ఎడంతో రెండు మూడు సార్లు కొట్టమన్నారు. అదే పొడి మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో కొడితే కూలి డబ్బులు దండగ. ఇంతకుముందు 1998 ప్రాంతంలో కేరళలో మొదలై దక్షిణాదినంతా చుట్టేసిన నల్లి బెడదకి కూడా హిర్సుటెల్లా థాంప్సనై అనే శిలీంద్రాన్ని ప్రయోగించారు. పొడి రోజుల్లో అది నీరసపడింది. తేమ లెక్క తప్పినచోటల్లా ఇదే కథ.

ఇక అంగడి సంగతి. అమీర్‌పేటలోనో ఎర్రగడ్డలోనో విత్తనాలు, కుండీలు అమ్మే దుకాణంలో ట్రైకోడెర్మా, సూడోమోనాస్ కిలో సంచులు దొరుకుతాయి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద వీటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ట్రైకోడెర్మా అయితే గ్రాముకి కనీసం 20 లక్షలు, సూడోమోనాస్ అయితే 10 కోట్లు ప్రాణంతో ఉండాలి. సంచి మీద రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు ఉన్నాయో లేదో చూడటం కొనేవాడి చేతిలో పని. ఎండ తగిలే అద్దాల బీరువాలో నిరుటి వేసవి నుంచి ఉన్న సంచిలో మిగిలేది సుద్దపొడే. బాసిల్లస్ ఒక్కటే ఈ విషయంలో మొండిది. అది గట్టి పెంకు బీజంగా మారి నిద్రపోతుంది కాబట్టి వేడికి తట్టుకుంటుంది. ఇక తెలుగు రాష్ట్రాల్లో రైతులు ‘బయోలు’ అని పిలిచే సరుకులో రిజిస్ట్రేషన్ లేనివి, లోపల రసాయనం కలిపినవి పట్టుబడటం కొత్త కాదు. సూక్ష్మజీవి పేరుతో అమ్మిన సీసా మూడు గంటల్లో పురుగుని కింద పడేస్తే సంతోషించకూడదు, అనుమానించాలి.

రాజేంద్రనగర్‌లో రెండు సంస్థలు ఈ పనిలో ఉన్నాయి. జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకి, అధికారులకి ఈ సూక్ష్మజీవుల్ని ఊళ్లోనే పెంచుకోవడం నేర్పుతుంది. నూనెగింజల పరిశోధన సంస్థ టీహెచ్4డి అనే ట్రైకోడెర్మా రకాన్ని తయారుచేసి కంపెనీలకి ఇచ్చింది. అది ఆముదం, కుసుమ పంటల కోసం మొదలైన పని. మట్టిలో వేరుకుళ్లు శిలీంద్రాలతో పోరాటం కొబ్బరి పాదులోనూ అదే తీరు.

పంజాగుట్ట కాలనీలో ఒక్క చెట్టున్న ఇంటివాళ్లు చేయగలిగింది ఇంత. ముందు టైల్స్ తీయించి మాను చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల పాదు తవ్వించాలి. బాగా ఎండిన కింది మట్టలు కొట్టించి అక్కడే పడెయ్యకుండా తరలించాలి, బీజాలు వాటిలోనే ఉంటాయి. పొటాష్ వెయ్యాలి. తొలకరి పడ్డాక మాగబెట్టిన ట్రైకోడెర్మా ఎరువు, సూడోమోనాస్ పాదులో వేసి తడి ఆరకుండా కొబ్బరి పీచుతో కప్పాలి. బోర్డో మిశ్రమమో ఇంకో శిలీంద్రనాశినో వాడితే దానికీ దీనికీ కనీసం 15 రోజుల ఎడం ఉండాలి. నెల తిరక్కుండా పైకి చూసి ఏమీ మారలేదని నిట్టూర్చి లాభం లేదు. మచ్చపడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు. కొబ్బరి నెలకి సుమారు ఒక కొత్త మట్ట వేస్తుంది, తల మీద ముప్పై పైచిలుకు మట్టలుంటాయి, ఒక్కోటి రెండున్నర మూడేళ్లు నిలుస్తుంది. కాబట్టి ఏడాది తర్వాత కాయ దింపడానికి ఎక్కినవాణ్ని అడగవలసింది ఒక్కటే, పై నుంచి పన్నెండు మట్టలు లెక్కపెట్టి వాటి మీద మచ్చలున్నాయా అని.